వివరాలకు గంట కొట్టండి

ఖాళీ గోడ కనిపిస్తే హొరేస్ టాప్సెల్ చెయ్యి ఊరుకునేది కాదు. దానికొక మహానుభావుణ్ణి తగిలించి తీరేవాడు. గొప్పవాళ్ళు పుట్టిన ఇళ్ళకు వాళ్ళ పేరు రాసిన గుండ్రటి నీలం బిళ్ళ కొట్టడం ఇంగ్లండులో అన్ని ఊళ్ళకూ ఉన్న అలవాటే. సముద్రం ఒడ్డునున్న థార్ల్‌బీకి వచ్చిన చిక్కల్లా అక్కడ గొప్పవాళ్ళెవరూ పుట్టకపోవడమే. ఆ లోటు హొరేస్ ఒంటిచేత్తో తీర్చాడు. పడవలకు వేయగా మిగిలిన నీలం రంగును బిస్కెట్ డబ్బా మూతలకు పూసి, తెల్లటి అక్షరాలు రాసి, గోడలకు మేకులతో కొట్టేవాడు.

'ఈ మెట్టు మీద సుప్రసిద్ధ గాయని జారిపడెను.' 'ఈ సందులో జగద్విఖ్యాత నావికుడు దారి తప్పెను.' 'ఈ కిటికీలోంచి సముద్రాన్ని చూసి ఒక మహాకవి ఏమీ రాయకూడదని నిశ్చయించుకొనెను.' అన్నిటి కిందా ఒకటే మాట: 'వివరాలకు గంట కొట్టండి.'

"ఆ గాయని పేరు రాయలేదేమయ్యా?" అని అడిగింది అతని పక్కింటి బెరిల్ డనేజ్.

"భలేదానివే! జారిపడ్డట్టు ఊరంతా తెలిస్తే ఆవిడ పరువేం కావాలి?"

"పోనీ, ఎప్పుడు పడింది?"

"మెట్టు తడిగా ఉన్నప్పుడు."

బెరిల్‌ది సెలవులకు వచ్చేవాళ్ళకు గదులు అద్దెకిచ్చే ఇల్లు. వీధిలో అన్నిటికంటే పెద్ద గోడ ఆమెదే. తెల్లగా, నున్నగా, బిళ్ళ లేకుండా ఉండేది. ఒక్క బిళ్ళ కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది. నోరు తెరిచి అడిగేస్తే పోయేదే. కానీ థార్ల్‌బీలో కావలసినదాన్ని అడగడమంత మర్యాద తక్కువ పని ఇంకొకటి లేదు. అందుకని ఆమె ఏళ్ళ తరబడి సూచనలతోనే నెట్టుకొచ్చింది.

"మా గోడ చూశావా హొరేస్, ఎంత బోసిగా ఉందో!"

"అవును బెరిల్. సున్నం భలే పట్టింది."

"మా ఇంట్లో ఒకప్పుడు డ్యూక్ గారెవరో దిగారట."

"డ్యూకులకేం, ఎక్కడైనా దిగుతారు."

చివరికి ఎదురింటి ఎనిద్ రడ్కిన్ గేటుకు కూడా ఒక బిళ్ళ వచ్చింది: 'ఇచ్చట ఒక ప్రధానమంత్రి గొడుగు మరచిపోయెను.' దాంతో బెరిల్‌కి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా కౌన్సిల్‌కి ఫోన్ చేసి, మా వీధి గోడల నిండా అబద్ధాలేనని చెప్పేసింది.

కౌన్సిల్ నుంచి పోకాక్ అనే అధికారి ఒక పటకారు, ఒక గోనెసంచీ పట్టుకుని దిగాడు. రుజువు లేని బిళ్ళనల్లా పీకేయమని అతనికి ఉత్తర్వు. బెరిల్ దగ్గరుండి ఇళ్ళు చూపించడానికి బయలుదేరింది.

మొదటిది గాయని జారిపడ్డ ఇల్లు. తుపానుల్లో మునిగిపోయేవాళ్ళను కాపాడే పడవ మీద జీవితమంతా పనిచేసిన సైలస్ యాక్స్‌లీ ఉండేది అందులోనే. పోకాక్ గంట మీద పెట్టిన వేలు తియ్యకముందే తలుపు తెరుచుకుంది.

"గాయని సంగతేనా? రండి, రండి. టీ కాగుతోంది."

టీ వద్దనడం పోకాక్ పెంపకంలో లేదు. కూర్చున్నాడు. సైలస్ చెబుతున్నకొద్దీ గాయని మెట్టు మీద జారి, గుమ్మంలో దొర్లి, హాలు దాటి, కేకు తినేవేళకు వంటింటిదాకా వచ్చేసింది.

"ఇదంతా మీరు కళ్ళారా చూశారా?" అన్నాడు పోకాక్.

"నేనెక్కడ చూశానయ్యా! అప్పటికి మా నాన్నే పుట్టలేదు."

"మరి ఇంత వివరంగా ఎలా చెబుతున్నారు?"

"చూసినవాళ్ళయితే ఈపాటికి మరచిపోయేవాళ్ళు."

దీనికి ఏ నిబంధన వర్తిస్తుందో తెలియక పోకాక్ ఇంకో కేకు ముక్క తీసుకున్నాడు. నావికుడు దారి తప్పిన ఇంట్లో మళ్ళీ టీ, మహాకవి కిటికీ ఉన్న ముసలి టీచరమ్మ ఇంట్లో మళ్ళీ టీ. ఎనిద్ గేటు చేరేసరికి అతను అడుగు తీసి అడుగు వేస్తుంటే కడుపులో టీ అలలు వినిపిస్తున్నాయి. సంచీ మాత్రం ఖాళీగానే ఉంది.

ఎనిద్ మంచి గౌను వేసుకుని, ముత్యాలు పెట్టుకుని, తలుపు వెనకే సిద్ధంగా ఉంది.

"ఎక్కడికైనా బయలుదేరారా?" అన్నాడు పోకాక్.

"లేదు బాబూ. ఎవరైనా గంట కొడతారేమోనని. మా ఆయన పోయాక ఈ గంట మోగడమే మానేసింది. నిన్న ఇద్దరు జర్మన్లు వచ్చారు, కుక్కతో సహా. వాళ్ళకి నా భాష రాదు, నాకు వాళ్ళది రాదు. గొడుగు గురించి సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం."

బెరిల్‌కి అప్పుడు తట్టింది. కూతురు స్కాట్లండు వెళ్ళిపోయిన వారమే సైలస్ మెట్టు మీద గాయని జారిపడింది. ముసలి టీచరమ్మ కుక్క చచ్చిపోయాక ఆవిడ కిటికీ దగ్గరికి మహాకవి వచ్చాడు. ఎనిద్ భర్తను పూడ్చిన నెలకే ప్రధానమంత్రి గొడుగు మరచిపోయాడు. బెరిల్‌కి సిగ్గుతో ముఖం కందిపోయింది.

పోకాక్ పటకారు తీశాడు. "గొడుగుకి రుజువేదమ్మా?"

ఎనిద్ ముఖం పాలిపోయింది.

"రుజువు నేనున్నాను!" అని బెరిల్ గేటుకు అడ్డంగా నిలబడింది. "మా అమ్మమ్మ తన పెళ్ళికి ఆ గొడుగు వేసుకునే వెళ్ళింది."

"ఫిర్యాదు చేసింది మీరే కదండీ!"

"చేశాను. బుద్ధి గడ్డి తిని చేశాను. గాయనికి కాలు బెణికితే కట్టు కట్టింది కూడా మా అమ్మమ్మే. ఆవిడ గురించి వివరంగా చెప్పాలంటే మా ఇంటికి వెళ్ళి టీ తాగుతూ..."

టీ మాట వినగానే పోకాక్ పటకారు సంచీలో పడేసి బస్సుకు పరుగెత్తాడు.

ఆ పక్కనే ఇంకో గోడకు బిళ్ళ కొట్టడానికి వేసుకున్న నిచ్చెన మీంచి హొరేస్ ఇదంతా చూస్తున్నాడు.

"ఇన్నేళ్ళూ నాకొక బిళ్ళ పెట్టలేదేమయ్యా?" అంది బెరిల్. థార్ల్‌బీ మర్యాద గాలికి వదిలేసి, మొదటిసారి సూటిగానే అడిగింది.

"నీకెందుకమ్మా? నీ ఇంట్లో మంచం ఖాళీ ఉండదు, నీ నోటికి విశ్రాంతి ఉండదు."

"మరి నీ గంట ఎవరు కొడతారు?"

హొరేస్ ఆకాశం కేసి చూసి, వాన పడేలా ఉందన్నాడు.

మర్నాడు పొద్దున్నే బెరిల్ ఒక కేకు పట్టుకుని వెళ్ళి అతని గంట కొట్టింది. హొరేస్ తలుపు తీశాడు.

"ఈ ఇంట్లో గొప్పవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరే," అన్నాడు హొరేస్ తెల్లబోయి.

"పర్వాలేదు. టీ పెట్టు."