చెరుకు బండెక్కి ఇచ్చిన ఉపన్యాసం

ఇరవై రెండేళ్ల వయసులో నాకు ఉపన్యాసాలిచ్చి బతకాలనిపించింది. నిజామాబాద్‌లో ఒక ప్రెస్సుకు పోయి గులాబీ రంగు కరపత్రాలు అచ్చు వేయించాను. పెళ్లి, సంతాపం, పదవీ విరమణ, బడి వార్షికోత్సవం, పసుపు సాగు, ప్రపంచ శాంతి: అన్నింటికీ వక్త నేనే. అక్షరాలు కూర్చే ఆయన అది రెండుసార్లు చదివి తలెత్తాడు.

"వీటిల నీకు ఏది మంచిగొస్తది తమ్మీ?"

"అన్నీ."

ఆయన మళ్లీ తల దించుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. పెళ్లిళ్లు నేను లేకుండానే అయ్యాయి. చావులు కూడా ఆగలేదు.

చెరుకు సీజన్లో మా బాపు నన్ను బండి వెంట బోధన్‌కు తీసుకుపోయాడు. చక్కెర ఫ్యాక్టరీ గేటు బయట బండ్లు బారులు తీరి ఉన్నాయి. చేతిలో నెంబరు చిట్టీ పట్టుకుని ఎదురు చూడాలి. గేటు దగ్గర అందరూ చాచా అని పిలిచే ముసలాయన వరుసగా నెంబర్లు పిలుస్తాడు. మూడుసార్లు పిలిచినా పలకకపోతే బండి బారు చివరికి పోవాల్సిందే. కోసిన చెరుకు ఎండకు గంట గంటకూ బరువు తగ్గుతుంది. కాబట్టి అక్కడ అందరి ప్రాణం చెవుల్లోనే ఉంటుంది.

బాపు ఎడ్లను నీళ్లకు తోలుకుపోతూ చెప్పాడు: "నెంబరు ఇను. ఇంకో పని వెట్టుకోకు."

నేను బారు వంక చూశాను. ఇంతమంది జనం, బండ్లు వదిలి ఒక్కరూ లేచి వెళ్లలేరు. ఇంత అదృష్టం ఏ వక్తకు దక్కుతుంది? చెరుకు మోపుల మీదికెక్కి, కరపత్రాలు విసిరి గొంతెత్తాను. విషయం కూడా గొప్పగా ఎంచుకున్నాను: ముందు చేయాల్సిన పని ముందు చేయుట.

జనం నోళ్లు తెరిచి విన్నారు. ఒకాయన చుట్ట ఆరిపోయినా గమనించలేదు. వాళ్ల ముఖాల్లో ఆశ్చర్యం చూసి నేను గొంతు ఇంకో మెట్టు పెంచాను. అంతలో మా వెనకాల ఉండాల్సిన బండి మా పక్క నుంచి గేటులోకి పోయింది. దాని వెనకే ఇంకొకటి.

నేను జేబులోని నెంబరు చిట్టీ తీసి చూసుకున్నాను.

"ఓరి నీ నోరు పడ! మా నెంబర్లు పోయినయి గదరా!" అని ముందు బండి ఆయన అరిచాడు. ఆయనది, మాది, ఇంకో నలుగురివి, మొత్తం ఆరు బండ్ల నెంబర్లు దాటిపోయాయి. చాచా పిలుస్తూనే ఉన్నాడట, నా గొంతు కింద ఆయన గొంతు ఎవరికీ వినపడలేదు. నా ఉపన్యాసం గురించి ఇప్పటిదాకా వచ్చిన ఏకైక ప్రశంస అదే.

ఐదుగురూ నన్ను రెక్క పట్టి దించి గేటు దగ్గరికి నడిపించారు. "మస్తు మాట్లాడుతవు గదా, నడువు. గిప్పుడు మాట్లాడు."

చాచా ముందు నిలబడితే ప్రపంచ శాంతి నుంచి పసుపు సాగు దాకా ఒక్క మాటా గుర్తు రాలేదు.

"తప్పు నాది చాచా. చెరుకు వాళ్లది."

ఇంకేమైనా చెబుతానేమోనని ఆయన నా నోటి వంక చూశాడు. "ఔర్ క్యా?"

"గంతే."

"గంత పెద్ద గొంతుకు గింతేనా!" అని ఆయనే నివ్వెరపోయాడు. తర్వాత చెయ్యి ఊపాడు. "వాళ్లు ఐదుగురు లోపలికి పోవాలె. నీ బండి మాత్రం ఆఖరుకు."

ఎడ్లతో తిరిగొచ్చిన బాపుకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. నేల మీది గులాబీ కాగితాలు చూశాడు, పక్క బండ్లు పోయిన ఖాళీ చూశాడు. బండి కట్టి బారు చివరికి తోలాడు. కొడతాడని నేను వీపు సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి ఒక చెరుకు గడ తీసి బరువు చూసినట్టు చేతిలో ఊపి, నా వైపు తిరిగాడు.

"మనం ఇద్దరమే ఉన్నం. ఏం చెప్తున్నవో చెప్పు, నేనింట."

నేను మాత్రం చాచా పిలుపు కోసం గేటు వైపు చెవి పెట్టి కూర్చున్నాను.