ధనమ్మ అన్న ఒక్క ‘అవును’

మొయినాబాద్ మండలంలో నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని అందరికీ తెలుసు. మిగిలిన సగానికి కూడా కోత పెట్టుకునే జాగ్రత్తపరులున్నారు. ఇంటర్ మొదటి సంవత్సరంలో కాలేజీ నన్ను భరించలేక, నేను కాలేజీని భరించలేక విడిపోయాం. అప్పట్నుంచి ఆటో నడుపుతున్నాను. గండిపేట చెరువులోని మొసలి నా ఆటో ఎక్కి మెహదీపట్నం చూసొచ్చిన కథ విననివాడు ఈ రోడ్డు మీద లేడు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం కనకమామిడి ధనమ్మ గురించి. ఇందులో నేను కలిపింది ఒక్కటే ఉంది. అది ఎక్కడ కలిపానో కూడా చెబుతాను.

ధనమ్మ షాబాద్ దిక్కు పుట్టింది. మోషేను చేసుకుని కనకమామిడి వచ్చింది. మోషే పోయి పన్నెండేళ్ళయింది. బంతి, చామంతి తోటల్లో పూలు తెంపే పని ఆమెది. నాలుగు మాటలు పట్టేచోట రెండు మాటలతో సరిపెట్టేది. తోటలో ఎవరైనా తగువు పడితే, ధనమ్మ ఏం చూసిందో అడగండి అనేవారు. ఆమె చూసింది చెప్పేది, చూడంది చూడలేదనేది. ఆ తర్వాత ఇక ఎవరూ వాదించేవారు కాదు. నాకు పూర్తిగా వ్యతిరేకమైన మనిషి. అందుకే నా ఆటోలో ముందు సీటు పక్కన కూర్చుని నా కథలు వింటూ, “ఇగ చాలు తియ్, బండికి సుత బరువైతది” అనేది.

ఆమె మనవరాలు జెన్నీ. ధనమ్మ కూతురు ఎస్తేర్ బిడ్డ. ఎస్తేర్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. తెల్లారకముందే పోయి పొద్దుగూకాక వస్తుంది. కాబట్టి పిల్ల బరువంతా అమ్మమ్మదే. నెలలు నిండకుండా పుట్టిన జెన్నీకి ఏడేళ్ళు వచ్చినా కాళ్ళు స్వాధీనంలో లేవు. మోకాళ్ళు ముడుచుకుపోయి, కాళ్ళు కత్తెరలాగా ఒకదాని మీదికి ఒకటి వచ్చేవి. మాట మెల్లగా వచ్చేది, బుర్ర మాత్రం నా ఆటో కంటే వేగంగా పోయేది.

“మామా, మొన్న మొసలికి పండ్లు లెవ్వన్నవ్. ఇయ్యాల కొరికిందంటున్నవ్.”

“కొత్తయి కట్టించుకున్నదమ్మా.”

“ఏ దవాఖానల?”

నేను నోరు మూసుకున్న సందర్భాలు నా జీవితంలో తక్కువ. వాటిలో ఎక్కువ భాగం ఆ పిల్ల పుణ్యమే.

మొయినాబాద్‌లో మెయిన్ రోడ్డు వెనక ఒక కిరాయి ఇంట్లో ఇలాంటి పిల్లల కోసం ఫిజియోథెరపీ కేంద్రం ఉంది. అక్కడ రోజూ పది నిమిషాల కసరత్తుతో పంపించెయ్యరు. రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజులు, మూడు వారాలు వదలకుండా చేయిస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. తర్వాత మూడు నెలలు ఇంటి దగ్గర సాధన. ఆ తర్వాత మళ్ళీ బ్లాక్. అక్కడి వెన్నెల మేడం మొదటి రోజే ధనమ్మకు చెప్పింది.

“మూడు వారాలల్ల మేం సాగదీసింది మూడు నెలలు ఇంట్ల మీరు కాపాడాలె అమ్మా. వదిలేస్తే కండరం మళ్ళ గుంజుకుంటది. మా పని చిన్నది, మీది పెద్దది.”

జులైలో మొదటి బ్లాక్ మొదలైంది. చాప మీద పడుకోబెట్టి, మోకాలి వెనక నరాన్ని సాగదీసి పట్టుకుంటే జెన్నీ అరుపు వీధిలోకి వినిపించేది. నేను కిటికీ దగ్గర నిలబడి మొసలి కథ ఎత్తుకుంటే అరుపు కాస్త తగ్గేది. రెండో వారానికి వెన్నెల మేడం నన్ను లోపలికే పిలిచింది. తెల్లకోటు ఒక్కటే తక్కువ, లేకపోతే సగం డాక్టర్నే అని నేను చెప్పుకు తిరిగాను.

ఆఖరి శుక్రవారం జెన్నీ మోకాళ్ళకు గట్టి పట్టీలు కట్టి నిలబెట్టారు. నడుము పట్టుకున్న చేతుల్ని వెన్నెల మేడం మెల్లగా తీసేసింది. ధనమ్మ పైకే లెక్కపెట్టింది. పదకొండు అనేసరికి పిల్ల ముందుకు వాలి మేడం భుజం మీద పడి నవ్వింది. ఏడేళ్ళలో ఎవరి చేతులూ తగలకుండా ఆ పిల్ల భూమ్మీద నిలబడింది ఆ పదకొండు లెక్కల సేపే. ధనమ్మ బయటి నల్లా దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కుంది.

నేను చాయ్ హోటల్‌కు పోయాను. నేను కలిపింది ఇక్కడే.

పదకొండు లెక్కపెట్టేదాకా నిలబడిందంటే ఎవడైనా కప్పు కింద పెట్టి వింటాడా? పదకొండు అడుగులు వేసిందన్నాను. పట్టుకోకుండా, గోడ దాకా. నిజంగానే అందరూ కప్పులు కింద పెట్టారు. అక్కడ కనకమామిడి జంగయ్య ఉన్నాడు. ఆయన ఎక్కిన బస్సు మా కంటే ముందు ఊరు చేరింది.

మేము చేరేసరికి చర్చి ముందు ఆడవాళ్ళు బంతిపూల దండతో నిలబడి ఉన్నారు. మూడు శుక్రవారాలు వాళ్ళు జెన్నీ కోసం ఉపవాస ప్రార్థన చేశారు. పాస్టరు ఎలీషా అయ్యగారి కళ్ళు తడిగా ఉన్నాయి. ధనమ్మ నా వైపు తిరిగింది.

“ఏం జెప్పినవ్ బిడ్డా?”

“జర మంచిగ జెప్పిన పెద్దమ్మా. ఫికర్ జెయ్యకు. రెండు దినాలల్ల మర్శిపోతరు.”

ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టారు. జెన్నీని ఒళ్ళో పెట్టుకుని ధనమ్మ ముందు వరుసలో కూర్చుంది. అయ్యగారు మైకు ఆమె దగ్గరికి తెచ్చాడు.

“మన జెన్నీ పదకొండు అడుగులు ఏసింది. అవునా ధనమ్మక్కా?”

ఆమె జనాన్ని చూసింది. దండ వేసుకుని వెలిగిపోతున్న పిల్లను చూసింది.

“అవును.”

నేనొక్కడినే చెప్పి ఉంటే వారంలో ఆ మాట చచ్చేది. ఆమె అవునంది కాబట్టి నిలబడిపోయింది. ఆ రోజు భోజనంలో కళ్ళారా చూసిన సాక్షినని నన్ను కూర్చోబెట్టి మాంసం రెండుసార్లు వడ్డించారు. తిన్నాను.

ఇంట్లో సాధన కోసం కేంద్రం వాళ్ళు ఒక చెక్క ఫ్రేమ్ ఇచ్చారు. రోజుకు గంటసేపు ఛాతీకీ మోకాళ్ళకూ పట్టీలు బిగించి పిల్లను అందులో నిలబెట్టాలి. ధనమ్మ ఇల్లు బాట మీదే. పగలు తలుపు మూసే అలవాటు ఆ వాడలో ఎవరికీ లేదు. జెన్నీని చూపించడానికి చుట్టాలను వెంటపెట్టుకుని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. నడిపించమంటే ధనమ్మ, ఇప్పుడు కాదని పంపేసేది. ఒకామె ఫ్రేమ్‌లో ఉన్న పిల్లను చూసి, “దేవుడు కాళ్ళిచ్చినంక మళ్ళ కట్టేసుడేంది ధనమ్మా, నమ్మకం లేనట్టు?” అంది. ఆ రోజే ఫ్రేమ్ బియ్యం డ్రమ్ము వెనక్కి పోయింది, దాని మీద దుప్పటి పడింది. పాదాలు వంగిపోకుండా తొడగమని వాళ్ళే ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగులు ట్రంకు పెట్టెలోకి పోయాయి. కూతురు ఎస్తేర్ అడిగితే, రోజూ సాధన చేయిస్తున్నానని చెప్పింది. అది రెండో అబద్ధం.

అక్టోబరు చివర రెండో బ్లాక్. పొద్దున ఆటో తీసుకుపోతే ఆమె గడప దాటలేదు.

“ఈసారి వద్దు బిడ్డా.”

“వద్దంటే ఎట్ల పెద్దమ్మా? మేడం జాగ ఆపి పెట్టింది.”

“మూడు వారాలు దినాం ఊరు ముంగట నుంచి ఎత్తుకపోతే, నడ్శే పిల్లను యాడికి తీస్కపోతున్నవంటరు. ఏం జెప్పాలె?”

అది నా అబద్ధమని నేను ఊళ్ళో ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చేవెళ్ళ దాకా నన్ను ఆ పిల్ల నడవడం చూసినవాడని చూపించుకుంటున్నారు. నా మాటను కోత లేకుండా నమ్మడం అదే మొదటిసారి. నేను నోరు విప్పలేదు. వెన్నెల మేడం ఫోన్ చేస్తే పిల్లకు జ్వరమని ధనమ్మ చెప్పింది. ఆ జాగా వేరే పిల్లాడికి పోయింది.

డిసెంబరులో సండే స్కూల్ పిల్లల క్రిస్మస్ నాటకం తలపెట్టారు. జెన్నీకి దేవదూత వేషం ఇచ్చారు. తలుపు నుంచి వేదిక దాకా నడిచి రావాలి. ఇంటికి తెచ్చాక పిల్ల, ఫ్రేమ్ మీది దుప్పటి వైపు చెయ్యి చూపింది.

“అమ్మమ్మా, అది తియ్యి. ప్రాక్టీస్ జేస్త.”

ధనమ్మ ఫ్రేమ్ బయటికి లాగి, పిల్లను నిలబెట్టింది. జులైలో చివరి రంధ్రం దాకా వచ్చిన మోకాలి పట్టీ ఇప్పుడు మొదటి రంధ్రానికి కూడా అందలేదు. మోకాళ్ళు ముందుకే ఉండిపోయాయి. అరచేత్తో నొక్కింది. జెన్నీ అరవలేదు. “ఇంకొంచెం నూకు అమ్మమ్మా, వస్తది” అంటూ పెదవి కొరుక్కుంది. రాలేదు. ఆ సంగతి ధనమ్మే తర్వాత నాకు చెప్పింది, నా వైపు చూడకుండా.

మర్నాటి ఆదివారం నేను చర్చి బయట ఆటోలో కూర్చుని ఉన్నాను. ఆమె గొంతు మైకులో వినిపించింది.

“అయ్యగారూ, నేను అబద్ధమాడిన. జెన్నీ నడువలే. నిలవడ్డది, పదకొండు లెక్కవెట్టినంత సేపు. మీరందరు పస్తులున్నరు. గింతేనా అంటరేమోనని అవునన్న. అది దాచనీకి పిల్లను కసరత్తుకు తోల్కపోలే. ఇప్పుడు కాళ్ళు వస్తలెవ్వు.”

తర్వాత అయ్యగారి గొంతు వినిపించింది. మైకుకు దూరంగా ఉన్నట్టున్నాడు.

“నిలవడ్డదే మాకు చాలుండె గదక్కా.”

ఆమె నా పేరు ఎత్తుతుందని చూశాను. ఎత్తలేదు. ఎత్తి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

జనవరిలో కేంద్రానికి తీసుకుపోయాను. వెన్నెల మేడం తిట్టలేదు. కోణం కొలిచే ప్లాస్టిక్ స్కేలు మోకాలి మీద పెట్టి, రెండుసార్లు చూసి, రాసుకుంది.

“ఇప్పుడు నిలబెడితే కీలు మీద బరువు పడ్తది. ముందు ఎముకల డాక్టర్‌కు చూపియ్యాలె, ఆపరేషన్ అనొచ్చు. ఈ బ్లాక్‌ల నేల మీద ఆసరా లేకుండ కూసునుడు నేర్పుదాం.”

“నిలవడదా మేడం?” ధనమ్మ అడిగింది.

“ఇప్పుడైతే లేదమ్మా. తర్వాత సంగతి మాట ఇయ్యలేను. పిల్ల ఎత్తు కూడ పెరిగింది. ఎముక పెరిగినంత తొందరగ కండరం పెరగదు. మీరు అన్నీ చేసినా కొంత గుంజుకునేదే.”

“కొంత అంటే ఎంత? ఎముకతోని ఎంత, నా తోని ఎంత, జర జెప్పు బిడ్డా.”

వెన్నెల మేడం స్కేలు మడిచి జేబులో పెట్టుకుంది. “అది ఎవరు చెప్పలేరమ్మా.”

తలుపు దగ్గర నిలబడి ఉన్న నేను అప్పుడన్నాను. “అండ్ల నాది సుత ఉన్నది పెద్దమ్మా. అడుగులని జెప్పింది నేనే గద.”

“నువ్వు ఎప్పుడు జెప్పేదే జెప్పినవ్,” అంది ధనమ్మ. కోపంతో కాదు. “అవునన్నది నేను.”

జెన్నీని ఎత్తుకుని ఆటో ఎక్కింది. కాళ్ళు ముడుచుకునే ఉండటంతో పిల్ల ఒళ్ళో ఒక మూటలాగా ఒదిగింది. కనకమామిడి చర్చి గేటు దగ్గర ఎలీషా అయ్యగారు చెయ్యి ఎత్తి ఆపాడు.

“ఏమన్నరక్కా?”

“నిలవడదన్నరు అయ్యగారూ. కూసునుడు నేర్పుతరంట.”

ఆయన తల ఊపి, ఇంకేమైనా ఉందేమోనని నా ముఖం వైపు చూశాడు. ఈసారి నేనేమీ కలపకుండా, రోడ్డు వైపు చూస్తూ బండి ముందుకు పోనిచ్చాను.