తేలని హత్య, కిటికీ పక్క కుర్చీ

మధ్యాహ్నం సీరియల్ అయిపోతుండగా తెర అడుగున ఏదో వాక్యం పరిగెత్తింది. ఆ సెలూన్‌లో టీవీ వెనక గోడకు ఉంటుంది. గడ్డం గీసేవాళ్ళూ, గీయించుకునేవాళ్ళూ ఎదురుగా ఉన్న అద్దంలోనే చూస్తారు. అద్దంలో అక్షరాలు అంతుపట్టక మంగలి పెద్దాయన కత్తి పక్కకు తీసి వెనక్కి తిరిగాడు. అనివార్య కారణాల వల్ల ధారావాహిక నేటితో ముగిసిందట.

"ముగియడమేంటి, హంతకుడెవరో చెప్పకుండా?" అన్నాడు.

"ముందు నాది ముగించన్నా" అన్నాడు సగం గడ్డంతో కూర్చున్న బస్సు కండక్టరు.

సెలూన్‌లో కుర్చీలు రెండే. కిటికీ పక్కది ఆయన బావమరిదిది, చీకటి మూలలోది పెద్దాయనది. ఏడాదిగా ఆయనకు చూపు మసకబారుతోంది. చెవి వెనక వెంట్రుకలు వేలితో తడిమి కత్తిరిస్తున్నాడు. ఆ సంగతి ఒప్పుకుని చిన్నవాణ్ణి చోటు అడగడానికి మాత్రం మనసొప్పలేదు. అందుకే పందెం కట్టాడు. సీరియల్‌లో మిల్లు యజమాని పాలల్లో విషం కలిపిందెవరో సరిగ్గా చెప్పినవాడిదే కిటికీ పక్క కుర్చీ. బావమరిది కోడలన్నాడు. పెద్దాయన డాక్టరన్నాడు. డాక్టరని తేలితే ఎవరినీ దేబిరించకుండా వెలుతురులోకి జరగొచ్చు.

ఇంతలో సీరియల్ వాళ్ళు దుకాణం కట్టేశారు.

పెద్దాయన టీవీ వాళ్ళకు ఫోన్ చేశాడు. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనదండీ" అంది ఒక అమ్మాయి.

"నాది అభిప్రాయం కాదమ్మా, ప్రశ్న. ఎవరు చంపారు?"

"ఆ సమయంలో రేపటి నుంచి చిన్నపిల్లల పాటల పోటీ వస్తుందండీ."

"పిల్లలు చంపారా?"

అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు అద్దంలో ఓ బుడతడు గొంతు చించుకుంటుంటే పెద్దాయన దువ్వెనను బల్లమీద విసిరికొట్టాడు. అప్పుడే అన్నం క్యారేజీతో ఆయన భార్య లోపలికి వచ్చింది.

"ఏమైంది మీ బావకి?" అంది తమ్ముణ్ణి చూసి.

"మిల్లు యజమాని పోయాడక్కా. మైల ఇంకా తీరలేదు."

"నువ్వు నోరు మూసుకోరా" అని పెద్దాయన భార్య వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు. విషం పోసేటప్పుడు చెయ్యొక్కటే చూపించారు. ఎడమ చెయ్యి. మొన్న ఆదివారం ఇంట్లో చూశాం కదా, డాక్టరు ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. ఇంకేం కావాలి?"

"విషం పోసింది ఎక్కడ చూశారు?"

"ఇక్కడే, పని చేసుకుంటూ."

"అద్దంలోనా?"

పెద్దాయన అద్దం వైపు తిరిగి చూశాడు. బావమరిది ముఖానికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"అంటే కుడి చెయ్యి. ఊళ్ళో అందరికీ ఉంది కదండీ అది" అందామె క్యారేజీ విప్పుతూ.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. నిన్నటిదాకా సీరియల్ ఒక్కటే పోయింది. ఇప్పుడు హంతకుడూ పోయాడు. ఆరు నెలలుగా ఆ డాక్టరును ఎన్ని తిట్లు తిట్టాడు. పాపం, మంచివాడేమో కూడా.

"ఆ మిల్లు యజమానిని అలా నేలమీద పడేసి తలుపేసుకుని పోయారే" అన్నాడు చివరికి. "రాసినవాడికైనా తెలుసో లేదో."

బావమరిది తువాలు దించాడు. బావ వేళ్ళమీద సన్నటి గాట్లు కనిపించాయి. కత్తెర గాట్లు. నవ్వు ఆగిపోయింది.

"బావా, నువ్వు కిటికీ దగ్గరికి వచ్చెయ్. నాకు ఇక్కడ ఎండ కొడుతోంది."

"నేనేం గెలవలేదు."

"నేనూ గెలవలేదు కదా."

"జాలిపడి ఇస్తున్నావా?"

"నీ మీద నాకు జాలేంటి? నా నెత్తి మాడుతోంది."

పెద్దాయన భార్య ముఖం చూశాడు. ఆమె గిన్నెల మూతలు తీయడంలో మునిగిపోయింది. ఆయన లేచి కత్తెర, కత్తి, విసిరిన దువ్వెన పోగుచేసుకున్నాడు.

"చూడు, ఇది నాదైపోయినట్టు కాదు. ఎవరు చంపారో తేలేదాకా మాత్రమే కూర్చుంటా. నీ కోడలే అని తేలిందా, ఆ క్షణమే లేచిపోతా."

"అలాగే బావా. తేలేదాకా" అన్నాడు బావమరిది, తన సామాను మూలలోకి చేరవేస్తూ.