బెల్లం డబ్బా తాళం

పిఠాపురం బజారులో కుక్కుటేశ్వరరావుది బెల్లం కొట్టు. భార్య నాగరత్నానికి షుగరు వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో బెల్లం డబ్బాకి తాళం వేసి, తాళంచెవి తన మొలతాడుకి కట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే షుగరు ఎంతుందో చూడ్డానికి గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఆవిడ మూత్రం చుక్కలు కలిపి తనే కాచేవాడు. మందు ఇటికరాయి రంగుకి తిరిగి షుగరు ఎక్కువని చూపించిందా, ఇక పనిమనిషి ముందని కూడా చూసేవాడు కాదు.

"మళ్లీ తిన్నావు కదూ!"

నాగరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. నములుతున్నది దాచుకుంటోంది అనుకునేవాడు ఆ మహానుభావుడు.

ఎనభై రెండు వేసవిలో ఆవిడ దవడ వాచింది. కాకినాడలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు నోరు తెరవమంటే ఆవిడ తెరవలేదు.

"ముందు ఆయన్ని బయటికెళ్ళమనండి డాక్టరుగారూ, వాసనొస్తుంది," అంది తలొంచుకుని.

కాసేపటికి డాక్టరే గుమ్మం దాకా వచ్చాడు. "చిగుళ్ళ నిండా చీము పట్టిందండి. ఇవాళ్టిది కాదు, ఏడాది పైమాటే. ఇది లోపల ఉండగా ఎంత పథ్యం చేసినా షుగరు దిగకపోవచ్చు."

కుక్కుటేశ్వరరావుకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ దూరంగా కూర్చోవడం, కొంగు చాటునే మాట్లాడటం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తిరుగు బస్సులో దారి పొడుగునా తాళంచెవి నడుముకి గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికి రాగానే దాన్ని విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. నాగరత్నం నోటి మీది కొంగు తియ్యలేదు.

"ఇది నాకెందుకండీ?" అంది. "నేనెప్పుడు తిన్నానని?"