ఒడిలో పరిచిన కొంగు

ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్లన్నీ ఆగిపోతున్న రోజులవి. మొదటి సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకని టేకుమట్ల నుంచి హైదరాబాద్ బయలుదేరాను. జనగామ దగ్గర బస్సు ఆగిపోయింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు.

కాలేజీలో నేనూ జై తెలంగాణ అని గొంతు పోయేలా అరిచినదాన్నే. ఆ రోజు మాత్రం ఆ పొయ్యిల మీద నీళ్ళు కుమ్మరించాలనిపించింది. బస్సు దిగి ఓ పక్కన నిలబడితే ఏడుపొచ్చేసింది.

గరిటె పట్టుకున్న ఒకామె చూసింది. మా అమ్మ వయసుంటుంది.

“ఏంది బిడ్డా, ఎందుకేడుస్తున్నవ్?”

“మధ్యాహ్నం హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ ఉన్నదవ్వా. ఇగ అందదు.”

ఆమె గరిటె పక్కన పెట్టేసింది. “మీ నౌకర్ల కోసమే గదా మేం రోడ్డు మీద కూసున్నది. నీ నౌకరికే అడ్డం పడితిమా?”

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విస్తరిలో అన్నం పెట్టి, పప్పుచారు పోసింది. నా తెల్ల చుడీదార్ చూసి, తన కొంగు నా ఒడి నిండా పరిచింది. పొయ్యి దగ్గర నుంచి ఎవరో కేకేస్తే, “జర ఆగుండ్రి, పిల్ల తింటున్నది” అని కదలకుండా కూర్చుంది.

నేను చేరేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది. తర్వాతి వారం ఇంకో కంపెనీ పిలిస్తే అదే చుడీదార్ వేసుకుని వెళ్ళాను. ఉద్యోగం ఇచ్చారు.

ఆ చుడీదార్ మీద ఒక్క మరక లేదు. మరకలన్నీ ఆమె కొంగు మీదే ఉండిపోయాయి.