అమృతమ్మ మొక్కల తనిఖీ

శంషాబాద్‌లో నర్సు అమృతమ్మ మొక్క ఇస్తానంటే తెలిసినవాళ్లెవరూ చెయ్యి చాచరు. ఇవ్వడం ఒక్క నిమిషం పని. ఇచ్చిన మొక్కను తనిఖీ చేయడం ఆమెకు జీవితాంతం పని.

ఆమె వాకిలంతా పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్లు. ప్రతి మొక్కకూ పైన ఖాళీ సెలైన్ సీసా, చుక్క చుక్కగా నీళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లో వార్డో తెలియక గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

కూతురు శోభను షాద్‌నగర్ ఇచ్చింది. సారెతో పాటు మల్లెమొక్కా పంపింది. నెల తిరక్కముందే తనిఖీకి దిగింది.

"అమ్మా, నేనెట్లున్ననో అడగవా?" అంది శోభ.

"నీకు నోరుంది, చెప్పుకుంటవు. చెట్టుకు నేనే గద దిక్కు!"

పత్రికలకు రాసుకునే నాకు జామమొక్క అంటగట్టింది. ఎండిన ఆకు కనిపిస్తే చాలు, గేటు దగ్గరే మొదలు. "ఏందే, ఊరందరి హక్కులు రాస్తవు. ఈ చెట్టుకు నీళ్ల హక్కు లేదా?"

మా వెనక గల్లీలో బాలమల్లు కిరాయికి ఉండేవాడు. విమానాశ్రయం కింద పొలం పోయింది. పోయిన పొలం పక్కనే కాంట్రాక్టరు కింద గడ్డి కత్తిరించే కూలి దొరికింది. దీన్ని అభివృద్ధి అంటారని నాకు చాలామంది చెప్పారు, బాలమల్లుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

2010 ఎండాకాలంలో అమృతమ్మ అతనికి కరివేపాకు మొక్క ఇచ్చింది. అందరికీ నెలకో తనిఖీ అయితే అతనికి సోమ, బుధ, శుక్రవారాలు. పొద్దున్నే సంచితో వచ్చి, "బాలమల్లూ, గ్లాసెడు నీళ్లు తే" అని గల్లీకంతా వినబడేలా అరిచేది. వానొచ్చినా ఆగలేదు, తనకు జ్వరమొచ్చినా ఆగలేదు.

నాకు ఒళ్లు మండింది. "నా జామకు నెలకోసారి, అతని కరివేపాకుకు వారానికి మూడుసార్లా? ఇదెక్కడి సమానత్వం అక్కా?"

"నీ చెట్టు మొండిది, నీ లెక్కనే."

ఒక బుధవారం నేను అక్కడుండగానే కాంట్రాక్టరు సూపర్‌వైజర్ గోవర్ధన్ వచ్చాడు. "నర్సమ్మ గిన్నిసార్లు ఎందుకొస్తుంది? బాలమల్లు బాగ చిక్కిండు. రోగముంటే పనిలకెల్లి తీసేస్తం."

ఇంటి యజమాని రుక్మిణమ్మ అందుకుంది. "నా ఇల్లు గూడ ఖాళీ జెయ్యాలె."

బాలమల్లు చేతిలోని నీళ్ల గ్లాసును వెనక్కి దాచాడు.

"రోగమే! చూస్తువుగని రా" అని అమృతమ్మ గోవర్ధన్ చెయ్యి పట్టి కుండీ దాకా లాక్కుపోయింది. "ఆకుముడుత."

"మంచిగనే ఉంది గద నర్సమ్మా?"

"ముప్పై ఏండ్ల సర్వీసు నాదా, నీదా? ఇగో, నీకూ ఒక చెట్టిస్త. నెల నెలా మీ ఇంటికొచ్చి చూస్త."

గోవర్ధన్ బండి స్టార్ట్ చేసిన వేగం ఇప్పటికీ నాకు గుర్తే.

అందరూ పోయాక ఆమె సంచి విప్పింది. నేను ఎరువు పొట్లాలు అనుకున్నవి మందు గోలీల పొట్లాలు. "టీబీ. మందు మొదలువెట్టి రెండు నెలలు దాటింది, పరీక్ష జేయించిన. ఇగ ఎవ్వరికీ అంటుకోదు. గని ఆరు నెలలు ఒక్క పూట తప్పొద్దు. తెల్లచీర ఊకనే వస్తే గల్లీ అడుగుతది. చెట్టు కోసమొస్తే పిచ్చిది అంటది. అననీ."

ఊళ్లోని కుండీలన్నీ ఒక్కసారిగా నా కళ్లముందు తిరిగాయి. తర్వాత నా జామచెట్టు గుర్తొచ్చి పరేషానయ్యాను. "అక్కా, మరి నాకేం రోగం?"

"నీకా? వేళకు తినవు. అందుకే పండ్ల చెట్టిచ్చిన."

ఆరు నెలలూ పూర్తయ్యాయి. బాలమల్లు పని పోలేదు, ఇల్లూ పోలేదు. ఇది రాయమన్నది కూడా అతనే.

2014 నాటికి అమృతమ్మ రిటైరైంది. బీపీ వచ్చింది. ఊరందరికీ గోలీలు మింగించిన మనిషి తన గోలీని మాత్రం మరిచేది. ఒక సోమవారం పొద్దున బాలమల్లు ఆమె గేటు తీశాడు.

"చెట్టు చూసిపోదామని వచ్చిన అక్కా."

"నా చెట్లకేమైందిరా?"

అతను మల్లెపొద వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆకుముడుత. పో, గ్లాసెడు నీళ్లు తెచ్చుకో."