మన ఫేజు పోయింది

ఇన్నేండ్లు ఒక మాట మింగి బతికిన. అన్నం అరుగుతది, కోపం అరుగుతది. ఇది అరగలే. కొడుక్కు చెప్పలే, కోడలికి చెప్పలే. మీరెవరో నాకు తెలువదు, అందుకే మీకు చెప్తున్న. ఒక పరాయి దేశం పిల్ల చదువు నేను చెడగొట్టిన.

మాది సీతాఫల్‌మండి. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల పనిచేసి, ఇల్లు కట్టి, పోయిండు. పైన ఒక గది కిరాయికిచ్చేదాన్ని. అప్పుడు ఊరంతా కంప్యూటర్ చదువుల పిచ్చి. మా దగ్గర్లనే ఇతర దేశాల పిల్లల కోసమని ఒక ప్రైవేటు కాలేజీ వెలిసింది. వాళ్ళే టాంజానియా పిల్ల నీమాను తెచ్చి మా గదిల దించిండ్రు. కిరాయిలనే కరెంటు కూడా అని మాట. కిందికీ పైకీ ఒక్కటే మీటరు.

ఆ పిల్ల నన్ను బీబీ అనేది. బీబీ అంటే మా దిక్కు సాయిబుల ఇంటి ఆడోళ్ళు. "నేనేం బీబీనే, అవ్వా అను" అని కసిరిన. "మా భాషల అవ్వనే బీబీ, బీబీ" అని వచ్చీరాని తెలుగుల చెప్పి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని ఆపుకున్న. కిరాయికున్నోళ్ళతోని నవ్వితే నెత్తికెక్కుతరని నా లెక్క.

ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చుకున్నది. అది షురూ అయితే మీటరు చక్రం గిర్రున తిరిగేది. ఆ చక్రం చూస్తుంటే నా పానం నిలవకపోయేది. ఒకనాడు అన్నం తిన్నంక, మెట్ల కింద ఉన్న పై గది ఫ్యూజు పీకిన. అనుమానం రావద్దని నా లైటు కూడా బంద్ చేసి కూసున్న. పిల్ల తడుముకుంట దిగొచ్చింది. ఎదురింట్ల కరెంటు ఉన్నది గదా అన్నది. వాళ్ళ ఫేజు వేరే బిడ్డా, మన ఫేజు పోయింది, అన్న. ఫేజంటే ఏందో నాకే సరిగ తెలువదు, ఆమెకేం ఎరుక? తల ఊపి మెట్లెక్కింది.

అంత సులువుగ నమ్ముతదనుకోలే. నమ్మింది గనుకనే మరునాడు మళ్ళ పీకిన. ఇగ అదే అలవాటయింది. తెల్లారకముందే పెట్టేసేదాన్ని. ఫ్యాను లేక ఆ పిల్ల పైన ఎట్ల పండుకునేదో ఒక్కనాడు అడగలే.

ఆ ఏడు కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ వచ్చిండు. బయటి దేశాల పిల్లలు పైసలు కట్టి తిరుగుతరే గాని చదవరని కాలేజీకి పేరు పడ్డదంట. స్టాండర్డ్ పెంచాలని పట్టుబట్టిండు. మార్కులు రానోళ్ళను విచారించుడు, చదవనోళ్ళ పేరు కొట్టేసుడు. పేరు పోతే వీసా పోతది. వీసా పోతే విమానం ఎక్కుడే.

ఒక పొద్దున కాలేజీ సారు మా ఇంటికొచ్చిండు. వెనక నీమా.

"అమ్మా, ఈమె మార్కులు బాగలేవు. అడిగితే రోజూ రాత్రి కరెంటు ఉండదంటది. నిజమేనా? మీరు అవునంటే ఇంకో ఛాన్స్ ఇప్పిస్త."

అవునంటే ఎదురింట్ల అడుగుతడు. అడిగితే నా గుట్టు బజార్ల పడ్తది.

"కరెంటు ఎందుకు పోతది సారూ? బస్తీ అంత ఎలుగుతనే ఉంటది. ఈ పిల్ల గదిలనే తొమ్మిదింటికి లైటు ఆరిపోతది."

"బీబీ" అన్నది నీమా. "నువ్వే చెప్పినవ్ గద. ఫేజు అని."

"ఫేజో గీజో నాకేమెరుక సారూ! మూడో తరగతి చదివినదాన్ని."

సారు నవ్విండు. "చూసినవా నీమా, అవ్వకు అబద్ధం చెప్పుడు కూడా రాదు" అన్నడు.

నేను అన్నదాంట్ల ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నన్ను తింటున్నది. లైటు ఆరిపోతది అన్న. ఆర్పుత అనలే. 'ఆర్పుత'ల ఉన్న ఒత్తు ఒక్కటి మింగితే ఒక పిల్ల బతుకు తలకిందులయింది. చదువు రాదని సారుకు చెప్పిన గాని, ఏ మాట ఎట్ల వంచాల్నో నాకు ఎవరు నేర్పిండ్రు?

నేను చదువుకుంటుంటే మా నాయన కూడా నూనె దండుగని నా ముందు దీపం ఆర్పేటోడు. ఆ సాకు చెప్పుకోవచ్చు. చెప్పను. ఆ బాధ ఎట్లుంటదో ఎరిగి ఉండి చేసిన, ఇంకా పాపం.

ఆ వారమే పేరు కొట్టేసిండ్రు. కాలేజీ స్టాండర్డ్ నా మాట మీద పెరిగింది. పోయేనాడు ఆ పిల్ల గది ఊడ్చి, తాళంచెవి నా చేతిల పెట్టింది. తిట్టలే. తిడితే బాగుండు. ఆ వారంల ఒకసారి కాలేజీ గేటు దాంక పోయిన. వాచ్‌మన్ ఎవరు కావాలమ్మా అన్నడు. ఎవరూ వద్దు అని తిరిగొచ్చిన.

తర్వాత ఆ గదిల బేగంపేటల పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలున్నరు. తెల్లందాంక లైటు ఎలిగినా నేను ఫ్యూజు ముట్టలే. భయమా, బుద్ధొచ్చిందా? ఏదైనా నీమాకేం ఒరిగింది?

మాఫీ అడుగుతలేను. ఇయ్యాల్సినామె ఎక్కడున్నదో తెలువదు. ఆనాడు సారు ముందట అనాల్సిన మాట మాత్రం ఇక్కడ రాస్తున్న. ఆ పిల్ల అబద్ధమాడలే. రోజూ కరెంటు పోయింది నిజమే. పోగొట్టింది నేను.

రాసిన. ఊపిరి జెర ఆడుతున్నది. గంతే.